ఆ మాటకు ఫారంలో గడి లేదు

ఈ మధ్య విజయనగరంలో ఒక ఇంజనీరింగు కళాశాలవాళ్లు నన్ను పిలిచారు. ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాయబోయే పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నా ఉద్యోగమంతా ఆస్పత్రుల రికార్డు గదుల్లోనే గడిచింది. మొదట్లో కార్డులతో, చివరి పదేళ్లు కంప్యూటర్లతో పనిచేశాను. చెప్పడానికి చాలా ఉంది కదా అని సరేనన్నాను.

నాకంటే ముందు మాట్లాడిన కుర్ర అధ్యాపకుడు హైపర్‌టెక్స్ట్ ఎలా పుట్టిందో చెప్పాడు. ఒక మాట మీద నొక్కితే ఆ మాటకు సంబంధించిన మరో పుట తెరుచుకోవడం, అక్కణ్ణుంచి ఇంకో పుటకు పోవడం. ఇదంతా అరవైల చివర్లో అమెరికాలో మొదలైందన్నాడు. బాగానే చెప్పాడు. చివరికి నా వైపు తిరిగి, "మేడంగారి కాలంలో మన దగ్గర ఇవేవీ లేవు. కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేయడమే పని" అన్నాడు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వు ముఖం పెట్టాను గానీ, ఇంటికొచ్చే దారి పొడుగునా ఒళ్లు మండుతూనే ఉంది.

నాకు ఎనభై దాటాయి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పను. అందుకే వేదిక మీద మింగేసినదంతా ఇక్కడ కక్కుతున్నాను.

కార్డు నుంచి కార్డుకు

అరవై ఆరులో శ్రీకాకుళంలో ఒక ధర్మాస్పత్రిలో చేరాను. నలుగురు వర్తకులు కలిసి పెట్టిన చిన్న ఆస్పత్రి అది. ఇప్పుడు లేదు, పేరు చెప్పి ఎవరి పరువూ తీయను. అంతకుముందు విజయనగరంలో గ్రంథాలయ శిక్షణ పొందాను. లైబ్రరీలో ఒక పుస్తకం కార్డు తీస్తే, దాని అడుగున "ఇది కూడా చూడు" అని మరో పుస్తకం పేరుంటుంది. వైద్యం పుస్తకం దగ్గర మొదలుపెట్టి, మొక్కల పుస్తకం మీదుగా వంటల పుస్తకం దాకా వెళ్లిపోవచ్చు. ఆ చదువులో నాకు నచ్చింది అదొక్కటే.

ఆస్పత్రిలో ఆ అవసరం చేరిన వారంలోనే కనిపించింది. మా వైపు పేర్ల సంగతి తెలిసిందే. శ్రీకూర్మం చుట్టుపక్కల ఏ వీధిలో నిలబడి "కూర్మమ్మా" అని కేకేసినా నలుగురు పలుకుతారు. సింహాచలం అంటే ఆడమనిషో మగమనిషో ఎదురుగా చూస్తేగాని తెలియదు. పైగా ఆడపిల్ల పురిటికి కన్నవారితో వస్తే కన్నవారి ఇంటిపేరు, వాళ్ల ఊరు రాయిస్తారు. మరుసటేడు మొగుడు తీసుకొస్తే అత్తవారి ఇంటిపేరు, ఆ ఊరు. మనిషి ఒకతే, కార్డులు రెండు. ఒక కార్డుకు రెండో కార్డు ఉందన్న సంగతే తెలియదు.

అందుకని ప్రతి కార్డు అడుగున రెండు వరుసలు ఖాళీ ఉంచి, ఎర్ర సిరాతో "చూడు" అని రాసి, మిగతా కార్డుల నంబర్లు వేయడం మొదలుపెట్టాను. ఇటునుంచి అటు రాస్తే, అటునుంచి ఇటు కూడా రాసేదాన్ని. తండ్రికి క్షయ ఉంటే కొడుకు కార్డులో తండ్రి నంబరు. ఒకే నూతి నీళ్లు తాగి విరేచనాలతో వచ్చిన ఏడుగురి కార్డుల్లో ఒకరి నంబర్లు ఒకరికి. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఒక డాక్టరుకు మాత్రం అది అర్థమైంది. ఆయన్ని మూర్తి డాక్టరనేవాళ్లం, కుర్రవాడు, కొత్తగా చేరాడు. రోగిని చూసే ముందు తానే వచ్చి, "సరస్వతిగారూ, ఈ ఎర్రగీత పట్టుకుని ఎంతదూరం పోవచ్చు?" అనేవాడు. నాలుగు కార్డులు తీసి ముందు పెట్టేదాన్ని. రోగిని అడగాల్సిన ప్రశ్నలు ఆయనకు అందులోనే దొరికేవి.

ఒక్కదానివేనని రాసుకున్నాను

కూర్మమ్మది శ్రీకూర్మం దగ్గర పల్లె. తొలి కాన్పుకి తల్లి తీసుకొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడోరోజున జ్వరం ఎక్కువై ఒంటిమీద తెలివిలేదు. పెన్సిలిన్ ఇచ్చారు. ఇచ్చిన కాసేపటికి ముఖం వాచిపోయి ఊపిరి ఆడలేదు. పాత నర్సమ్మ చురుకైన మనిషి, వెంటనే విరుగుడు సూది వేయించి బతికించింది. కార్డులో పెద్ద అక్షరాలతో ఉంది: "పెన్సిలిన్ పడదు. ప్రాణం మీదికి వచ్చింది."

మరుసటేడు చలిజ్వరంతో మొగుడు పోలయ్య తీసుకొచ్చాడు. పాతపట్నం దగ్గర మెట్టపొలాలు చేసుకునే రైతు. అత్తవారి పేరుతో కొత్త కార్డు రాస్తూ, అలవాటు ప్రకారం అడిగాను.

"ఇంతకుముందు ఇక్కడికి వచ్చావా?"

"పురిటికొచ్చినాను. అప్పుడు మాయమ్మ రాయించినాది" అంది.

ఆ కార్డు వెతికి తీశాను. రెండింటి అడుగునా ఎర్ర సిరాతో నంబర్లు వేస్తుంటే వంగి చూసింది.

"ఆ ఎర్రదేటమ్మా?"

"నువ్వు ఇద్దరు కాదు, ఒక్కదానివేనని రాసుకున్నాను."

"ఒక్కదానికే కూడు సాలక సస్తంటే ఇద్దరేటి తల్లీ!" అని పకపకా నవ్వింది. పోలయ్య కూడా నవ్వాడు.

ఇక్కడ నా తప్పు రాయాలి. పురిట్లో తనకేం జరిగిందో కూర్మమ్మకు తెలియదు. అడిగితే, "జొరమొచ్చి తెలివి తప్పిపోనాను, అంతే తెల్సు" అంది. తెలిసిన తల్లి అప్పటికే పోయింది. ఎదురుగా నిలబడిన మనిషికి "అమ్మా, నీకు ఫలానా సూది పడదు, ఎక్కడికెళ్లినా చెప్పు" అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కార్డులో ఉంది కదా, ఎర్రగీత ఉంది కదా అనుకున్నాను. నా ఏర్పాటును చూసి నేనే మురిసిపోతున్న రోజులవి.

కలకత్తా యంత్రం

అరవై ఎనిమిదిలో మా సూపరింటెండెంటుకు కంప్యూటరు పిచ్చి పట్టింది. ఆయన బావమరిది కలకత్తాలో ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఆ కంపెనీ కొత్తగా ఒక లెక్కల యంత్రం తెచ్చింది. ఖాళీ ఉన్నప్పుడు మన ఆస్పత్రి పని కూడా చేసిపెడతామని ఆయన మాటిచ్చాడు. జిల్లాలో మరే ఆస్పత్రికీ లేని గౌరవం మనకొస్తుందని సూపరింటెండెంటు ఆస్పత్రి నడిపే వర్తకుల కమిటీని ఒప్పించాడు.

ఫారాలు వచ్చాయి. నిండా గడులు. రోగి నంబరు, ఆడా మగా, వయసు, జబ్బు, ఫలితం. అన్నీ అంకెల్లోనే వేయాలి. మలేరియాకో అంకె, కాన్పుకో అంకె. నయమైతే ఒకటి, చనిపోతే నాలుగు. ఈ ఫారాలు కలకత్తా పంపితే అక్కడ అట్టముక్కలకు చిల్లులు పొడిచి యంత్రంలో వేస్తారు. రెండు మూడు నెలలకు పట్టికలు అచ్చయి వస్తాయి. మధ్యలో మనకు సందేహం వస్తే అడగడానికి లేదు. తప్పు దొరికితే దిద్దడానికి లేదు.

దానికి తోడు, పాత కార్డులన్నీ తీసేసి ఈ ఫారం నమూనాలోనే కొత్త కార్డులు రాయమన్నాడు. మూర్తి డాక్టరు, నేనూ కలిసి ఆయన గదికి వెళ్లాం.

"ఎర్ర వరుసలకు ఇందులో చోటు లేదండి" అన్నాను.

"ఏ ఎర్ర వరుసలు?"

చూపించాను. ఆయన కళ్లజోడు ఎత్తి చూసి, "ఇది నీ సొంత పైత్యం. గడి బయట గీత పడితే యంత్రం తీసుకోదు" అన్నాడు.

"యంత్రం కోసం ఫారం వేరే పెట్టుకుందాం, కార్డులు కార్డుల్లా ఉంచుదాం" అన్నాడు మూర్తి డాక్టరు.

"రెండు పనులు చేయడానికి మనుషులేరయ్యా? రేపు దేశమంతా ఇలాగే ఉంటుంది. అప్పుడు మీరిద్దరూ ఈ ఎర్ర సిరా పట్టుకుని కూర్చోండి."

అయిపోయింది. ఒకసారి అడిగాను, రెండోసారి అడగలేదు. మూడు నెలలు కూర్చుని కొత్త కార్డులు రాశాను. కూర్మమ్మ పాత కార్డులు రెండూ నా చేతిలోంచే వెళ్లాయి. "పెన్సిలిన్ పడదు" అన్న మాట దగ్గర కలం ఆగింది. దానికి గడి ఎక్కడుందని వెతికాను. లేదు. జబ్బు గడిలో కాన్పు అంకె, ఫలితం గడిలో ఒకటి వేశాను. నిజమే కదా, ఆ కాన్పు నుంచి ఆమె బతికి బయటపడింది. పాత కార్డులను కట్టలు కట్టి అటక మీద పడేశారు.

ఆ సూపరింటెండెంటును తిట్టడం తేలిక. ఇన్నేళ్లుగా తిడుతూనే ఉన్నాను. కానీ ఆ అంకె వేసింది ఆయన చెయ్యి కాదు.

ఏమైనా ఉందా?

ఆ ఏడాది కోతల రోజుల్లో కూర్మమ్మ కాలికి కొడవలి తెగి చీము పట్టింది. పోలయ్య బస్సులో తీసుకొచ్చాడు. అత్తవారి పేరుతో ఉన్న కార్డు తీశాను. ఆమెను గుర్తుపట్టలేదు. ఆరోజు వరండా నిండా జనం, కార్డు మీంచి తల ఎత్తలేదు.

వార్డు గుమ్మంలోంచి మూర్తి డాక్టరు అడిగాడు: "ఏమైనా ఉందా?"

కార్డు చూశాను. చలిజ్వరం, నయమైంది. "ఏమీ లేదండి" అన్నాను.

కార్డు శుభ్రంగా ఉన్నవాళ్లకు మందు పడుతుందో లేదోనని చర్మం కింద పరీక్ష సూది వేసి కూర్చోనక్కర్లేదని, ఆలస్యమవుతోందని సూపరింటెండెంటు అప్పటికే నోటిమాటగా చెప్పి ఉన్నాడు. పెన్సిలిన్ ఇచ్చారు. పావుగంట పట్టలేదు. పాత నర్సమ్మ అప్పటికి మా ఆస్పత్రిలో లేదు. మూర్తి డాక్టరు విరుగుడు సూది వేశాడు, గుండె మీద చేతులు పెట్టి ఒత్తాడు, చెమటలు కక్కాడు. కూర్మమ్మ చనిపోయింది.

పోలయ్య రికార్డు గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కాలు తెగితే సచ్చిపోతారేటి తల్లీ? నడిసొచ్చినాది కదా. బస్సు దిగి నడిసొచ్చినాది" అన్నాడు. అప్పుడు తలెత్తి చూశాను. ఆ నవ్విన మనిషి మొగుడని అప్పుడు తెలిసింది.

"మీ కాగితాల్లో ఏటైనా ఉన్నాదా?" అని అడిగాడు.

"నాకు తెలియదు" అన్నాను.

అతను శవాన్ని తీసుకెళ్లాక అటక ఎక్కాను. కట్టలు విప్పి కార్డులు తీశాను. ఎర్రగీత అలాగే ఉంది, పట్టుకుని వెళ్లడానికి నిమిషం పట్టలేదు. రెండు కార్డులూ మూర్తి డాక్టరు ముందు పెట్టాను. ఆయన చదివి ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

సూపరింటెండెంటు దగ్గరికి కూడా మేమే తీసుకెళ్లాం. ఆయన కార్డును ముట్టుకోలేదు. గుండె ఆగి చనిపోయినట్టు రాయమన్నాడు.

"కార్డులో ఉందండి, పడదని" అన్నాను.

"అది రద్దయిన కార్డు. రద్దయిన కార్డులో ఏముంటే ఏమిటి?"

ఉద్యోగంలో చాలామంది పైవాళ్లను చూశాను. పని రానివాళ్లు, కోపిష్టులు, నిద్రమొహాలు. వాళ్లందరినీ క్షమించాను. ఈ మాటన్నవాణ్ణి క్షమించలేదు.

సంక్రాంతి వెళ్లాక కలకత్తా నుంచి పట్టికలు వచ్చాయి. మడతలు మడతలుగా పొడవాటి కాగితం. సూపరింటెండెంటు కమిటీవాళ్లను పిలిచి బల్ల మీద పరిచి చూపించాడు. వాళ్లు తడిమి చూసి మెచ్చుకున్నారు. అందులో ఎక్కడో కూర్మమ్మ కన్నవారి పేరుతో నయమైనవాళ్ల లెక్కలో ఉంది. అత్తవారి పేరుతో చనిపోయినవాళ్ల లెక్కలో ఉంది. యంత్రం తప్పు చేయలేదు. దానికి మనం చెప్పింది అంతే, అది చెప్పిందీ అంతే.

కాలిఫోర్నియా ఉత్తరం

ఆ వారంలోనే మూర్తి డాక్టరుకు కాలిఫోర్నియాలో చదువుకుంటున్న స్నేహితుడి ఉత్తరం వచ్చింది. నా గదికి తెచ్చి చదివి వినిపించాడు. అక్కడ ఒక పెద్ద హాల్లో ఒకాయన టెలివిజను లాంటి తెర ముందు కూర్చున్నాడట. చేతికింద చక్రాలున్న చిన్న చెక్కపెట్టె. దాన్ని బల్ల మీద జరిపితే తెర మీద ఒక చుక్క జరుగుతోందట. ముందు బజారు నుంచి తేవాల్సిన సరుకుల చీటీ రాసి చూపించాడట. చుక్కను ఒక మాట మీద పెట్టి నొక్కితే ఆ మాట వెనకున్న సంగతంతా తెర మీదికి వచ్చిందట. నెలలు కాదు, రోజులు కాదు, నొక్కిన మరుక్షణమే. ఎక్కడో మైళ్ల దూరంలో ఉన్న తోటి ఉద్యోగి ముఖం కూడా అదే తెర మీద కనిపించి, ఇద్దరూ ఒకే కాగితం మీద పనిచేశారట. చూసినవాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారని రాశాడు.

చదవడం అయ్యాక మూర్తి డాక్టరు, "సరస్వతిగారూ, ఆయన చేసింది మీ ఎర్రగీతే" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు పాపం. నాకు దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి.

నా గొప్ప కోసం ఇది చెప్పడం లేదు. ఆయన చేసింది వేరు, నేను చేసింది వేరు. ఆయన తెర వెనక ఉన్న పని నాకు పది జన్మలెత్తినా రాదు. కానీ పిల్లలూ, ఒక్క సంగతి చూడండి. సముద్రానికి ఆవల కంప్యూటరును మనిషి అడిగిందానికి జవాబు చెప్పేదిగా, ఒక కాగితం నుంచి మరో కాగితానికి దారి చూపేదిగా మలుస్తున్నారు. సరిగ్గా అదే ఏడాది మా ఆస్పత్రిలో కంప్యూటరు పేరు చెప్పి ఉన్న దారులు మూసేశారు. వచ్చిన యంత్రం కొత్తది, దాన్ని తెచ్చినవాడి బుద్ధి పాతది. అప్పుడు చిల్లుల అట్టల పేరుతో చేసిన పనే ఇప్పుడు మీరూ చేస్తున్నారు. మొన్న ఆ కళాశాలలో మీ తెరలు చూశాను. రంగురంగుల గడులు. డాక్టరు రాయాల్సిన అసలు మాటకు "ఇతరములు" అని అడుగున ఒక చిన్న గడి, అందులోనూ ఇన్ని అక్షరాలు దాటకూడదట. ఎవరు చెప్పారు మీకు దాటకూడదని? రోగి ఒళ్లు మీ గడిని చూసి జబ్బు తెచ్చుకుంటుందా?

నొక్కితే తెరుచుకునే లింకు పెట్టడం విద్య కాదు. ఏ రెండింటికి మధ్య లింకు ఉండాలో రోగి ముఖం చూసి అడిగి తెలుసుకోవడం విద్య. ఆ మాట వేదిక మీద ఎవరూ చెప్పలేదు.

పాతపట్నం బస్సు

మాఘమాసంలో ఒక ఆదివారం పాతపట్నం బస్సెక్కాను. ఎవరికీ చెప్పలేదు. పోలయ్య కళ్లంలో ఉలవలు నూరుస్తున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి, కర్ర పక్కన పెట్టి వచ్చాడు. మూడేళ్ల పిల్ల ఒకతె గడ్డివాము దగ్గర ఆడుకుంటోంది.

నిలబడే చెప్పాను. కన్నవారి పేరుతో ఉన్న కార్డులో ఆ సూది పడదని రాసి ఉందని, రెండు కార్డులకూ కలిపి గీత గీసిందీ నేనేనని, కొత్త కార్డులో రాయకుండా వదిలేసిందీ నేనేనని చెప్పాను.

"మరి ఆ పొద్దు అడిగితే తెలీదన్నారు" అన్నాడు.

"అప్పటికి చూడలేదు. చూడకుండానే అన్నాను."

"దానికైనా సెప్పనేదేటి తల్లీ? నవ్వుతా మాటాడినారు కదా ఇద్దరూ. ఒక్క ముక్క సెప్తే అదే సెప్పుకునేది కదా."



తిట్టి పొమ్మంటాడనుకున్నాను. తరవాత పిల్లను చూపించి, "ఈ గుంటకి కూడా పడదేటి?" అని అడిగాడు.

"తల్లికి పడనిది కూతురికి పడకూడదని లేదట. అయినా పరీక్ష చేయకుండా ఇవ్వనీయకు. ఏ డాక్టరుకైనా ముందే చెప్పు."

"రాసియ్యండి" అన్నాడు.

సంచీలోంచి కాగితం తీసి, తల్లికి ఏమైందో, పిల్లకు ఏం చూడాలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి సంతకం పెట్టాను. అతను రెండు చేతులతో అందుకుని, తిప్పి చూసి, మళ్లీ నాకే ఇచ్చాడు.

"నాకు సదువు నేదు. ఏటి రాసినారో సదవండి."

చదివాను.

"ఇంకోపాలి."

మళ్లీ చదివాను. మూడోసారి నాతోపాటు తనూ పెదవులు కదిపాడు. తరవాత పిల్లను పిలిచి ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

"ఒసే, ఈ కాగితం సినిగిపోతాది. నానైనా ఎన్నాళ్లుంటాను? నువ్వే సెప్పుకోవాల. అను: పెన్సిలిన్."

"పెన్సిలీ" అంది పిల్ల.

"పెన్సిలిన్."

"పెన్సిలీను."

"మాయమ్మకి పడనేదు. నాకు సూసి ఎయ్యండి."

పిల్ల నోరు తిరగక నవ్వింది. అతను నవ్వలేదు, పిల్లను కసరలేదు కూడా. ఓపిగ్గా మళ్లీ మొదటినుంచి చెప్పించాడు. నేను బస్సుకు నడుచుకుంటూ గట్టు దాటేదాకా తండ్రి మాట, వెంటనే పిల్ల మాట వినిపిస్తూనే ఉన్నాయి: మాయమ్మకి పడనేదు. నాకు సూసి ఎయ్యండి.